బేకన్‌కి ముప్పై ఏడు, కోడికి ఇరవై మూడు

మార్చి 4, మంగళవారం. పొద్దున మంచు, పదింటికి విడిచింది. మాంసం కొట్టే మొద్దుకి కల్లుప్పు రుద్ది కడిగాను.

అక్కా,

రోజూ నా దినచర్య పుస్తకంలో రాసుకునే రెండు వరుసలే, వాతావరణం ఒకటి, చేసిన పని ఒకటి, పైన నీకూ రాశాను. మూడో వరుస పుస్తకంలో రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే ఈ ఉత్తరం. చదివి నవ్వకు, మీ మరదలికి చెప్పకు.

నా కోడి మాంసం కొట్టుకి సరిగ్గా ఎదురుగా నెల కిందట ఒకాయన బేకన్ కొట్టు పెట్టాడు. పంది మాంసాన్ని ఉప్పులో ఊరేసి, పొగబెట్టి, కాగితమంత పలుచగా కోసి అమ్ముతాడు. వీధిలో అందరూ పొగాయన అంటారు. నా ఈడువాడే. నవ్వాడంటే ఇక్కడ నా తూకం పళ్లెం కదులుతుంది. నేను రోజంతా కూడబెట్టి మాట్లాడే మాటలు ఆయన ఒక్క బేరానికి ఖర్చు పెట్టేస్తాడు.

వారం రోజులుగా మీ మరదలు నాకు టిఫిన్ డబ్బా ఇచ్చాక ఇంటికి పోవడం లేదు. రోడ్డు దాటి అటు వెళుతోంది. ఒక పావుగంట, ఇరవై నిమిషాలు. లోపలేం చేస్తుందో కనబడదు, నవ్వులు మాత్రం వినబడతాయి. పెళ్లయి పంతొమ్మిదేళ్లు. నా కొట్లో తను అలా నవ్విన రోజు ఒక్కటీ గుర్తు రావడం లేదు. ఇంటికెళితే తన జుట్టులో పొగ వాసన. ఎందుకెళ్లావని అడగడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటే బయటికి రావడం లేదు.

ఇవాళ ఆయన కొట్టు ముందు ఒక నల్లబల్ల వెలిసింది. నా గుమ్మంలో నిలబడే చదివాను. ‘వంద గ్రాముల్లో ప్రోటీన్: బేకన్ 37, కోడి 23.’ నాకు కడుపు మండింది ఆ లెక్క చూసి కాదక్కా, ఆ ఏడు అంకె చూసి. ఏడుకి నడుము దగ్గర అడ్డగీత ఉంది. మా వంటింటి డబ్బాల మీద తేదీలు వేసే చెయ్యి అది.

నీ తమ్ముడు


మార్చి 10, సోమవారం. తెల్లారినప్పటి నుంచీ తుంపర. కత్తులు నాలుగూ సాన పట్టాను.

అక్కా,

నీ కార్డు అందింది. ‘అడిగితే నీ సొమ్మేం పోతుందిరా, మొద్దు వెధవా’ అన్నావు. అడగలేదు. గ్రంథాలయానికి వెళ్లాను.

అక్కడ ఆహార విలువల పుస్తకం ఒకటి దొరికింది. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ని కదా, అచ్చులో ఉన్నదేదైనా నాకు కోర్టు తీర్పే. మాంసాల పుటలో కోడి ఛాతీ ముక్కకి ఇరవై మూడు. వెనక పుటలో బేకన్‌కి ముప్పై ఏడు. అబద్ధమని నిరూపిద్దామని పోయి నిజమని రాసుకొచ్చాను.

మర్నాడు పొద్దున్నే దర్జీ ఆవిడ వచ్చింది. మా వీధిలో ఎవరి కొలతలైనా ఆవిడకి తెలుసు, నోరు కూడా కత్తెరే.

“ఏమయ్యా, నీ కోడి ఓడిపోయిందటగా! పద్నాలుగు గ్రాముల తేడాతో?”

“కొవ్వు సంగతి కూడా రాయమనండి,” అన్నాను.

“అదేదో నువ్వే వెళ్లి చెప్పొచ్చుగా. మధ్యలో సముద్రం ఉందా ఏంటి?”

వెళ్లలేదు. నేనూ ఒక నల్లబల్ల తెచ్చి పెట్టాను. ‘కొవ్వు: కోడి 3, బేకన్ 42. ఉప్పు: బేకన్‌లో నాలుగు గ్రాములు.’ సుద్దముక్క రెండుసార్లు విరిగింది. నా అక్షరాలు నీకు తెలుసుగా, గాలికి చెదిరిన ఈకల్లా ఉంటాయి. టిఫిన్ డబ్బా తెచ్చినప్పుడు మీ మరదలు బల్ల ముందు చాలాసేపు నిలబడింది.

“రెండో వరుస కిందికి జారిపోయిందండీ,” అంది.

“జారనీ.”

డబ్బా పెట్టి, రోడ్డు దాటి వెళ్లిపోయింది.

నీకొకటి చెప్పాలి. కొట్టు తెరిచిన కొత్తలో, ధరల బల్ల నేను రాస్తానని తనే అడిగింది. ‘నీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాను’ అన్నాను. తను పదో తరగతి చదివింది. తన అక్షరాల పక్కన నావి ఉంటే వీధంతా చూస్తుందని సిగ్గు. తనకి శ్రమ తప్పించానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడా శ్రమ ఎదురు కొట్లో నవ్వుతూ పడుతోంది.

అయినా కోడికేముందక్కా? దానికో వాసన లేదు, ఏ మసాలా వేస్తే ఆ రుచి. బేకన్ పెనం మీద పడితే వీధి చివరివాళ్లు కూడా తల తిప్పుతారు. నన్నూ ఆయన్నీ పక్కపక్కన పెడితే ఏ బల్ల మీదైనా ఇదే లెక్క వస్తుంది.

వెనక వీధిలో ఒక గది చూశాను. నెలాఖరుకి కొట్టు అక్కడికి మారుస్తాను. మీ మరదలికి ఇంకా చెప్పలేదు.

నోరులేని నీ తమ్ముడు


మార్చి 16, ఆదివారం. ఎండ. మొద్దు కడగడం అయింది.

అక్కా,

గది మాట మర్చిపో. జరిగింది జరిగినట్టు రాస్తాను, తర్వాత ఎంతసేపైనా నవ్వుకో.

నిన్న పొద్దున దర్జీ ఆవిడ చేత వంద గ్రాముల బేకన్ తెప్పించాను. శత్రువు రుచి చూద్దామని కాదు, తూకం మోసం పట్టుకుందామని. వంద సరిగ్గా ఉంది. చేతిలో ఉంది కదాని పెనం మీద వేయించాను. నూనె వేయకుండానే కొవ్వు ఏరై పారింది, ముక్కలు ముడుచుకుపోయాయి. అలవాటు కొద్దీ మళ్లీ తూచాను. ముప్పై నాలుగు గ్రాములు.

అక్కడ వెలిగింది. పచ్చి మాంసంలో నీళ్లూ కొవ్వూ పోతే మిగిలినదాంట్లో ప్రోటీన్ చిక్కబడుతుంది. గ్రంథాలయానికి పరుగెత్తి ఆ పుటలు పైనుంచి చదివాను. బేకన్ ముప్పై ఏడు వేయించాక, పచ్చిదైతే పదమూడు. కోడి ఇరవై మూడు పచ్చిది. వండితే ముప్పై ఒకటి. పచ్చి కోడినీ వేయించిన బేకన్‌నీ కుస్తీకి దించారు! పాతికేళ్లుగా మాంసం తూస్తున్నవాణ్ని, అంకె చూశానే కానీ పుట పైన ఏముందో చూడలేదు.

తిరిగి కొట్టుకొచ్చి, ముక్కలతో సహా పెనం చేత్తో పట్టుకుని రోడ్డు దాటాను. నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను, నాలుగూ తిట్లే. నల్లబల్ల దాకా వెళ్లి ఆగిపోయాను.

బల్ల అడుగున, చీమల బారంత చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. ‘బేకన్ వేయించినది, కోడి పచ్చిది. రెండూ వండితే తేడా ఆరే.’

నా గుమ్మంలోంచి అది కనబడదు.

“రండి బావగారూ, రండి!” అన్నాడు పొగాయన. “చెల్లెమ్మా, వచ్చారమ్మా! పెనంతో సహా వచ్చారు!”

బావగారట. రెండు వారాల పైగా నాకు వినబడిన నవ్వుల మధ్య ఆయన అన్న మాట ‘చెల్లెమ్మా’. నవ్వు పెద్దది కాబట్టి రోడ్డు దాటింది, మాట దాటలేదు.

మీ మరదలు పెన్సిల్ పట్టుకుని పొట్లాల మీద తేదీలు వేస్తోంది. తలెత్తలేదు.

“మొదటి రోజే రాశాను ఆ వరుస. వీధిలో అందరూ చదివారు. మీకు పదకొండు రోజులు పట్టింది. రోడ్డు ఎంత వెడల్పో తెలుసా? పదహారడుగులు.”

“ఇక్కడికి ఎందుకొస్తున్నావు?” అన్నాను. ఆ ఒక్క మాట బయటికొచ్చింది అక్కా, అదీ పరాయి కొట్లో, పెనం పట్టుకుని.

మీ మరదలి కంటే ముందు పొగాయనే చెప్పాడు. “నాకు అక్షరం ముక్క రాదు బావగారూ. మీరు సొంతంగా నేర్చుకున్నారని చెల్లెమ్మ రోజూ చెబుతుంది. విని విని నాకు ఒళ్లు మండేది, మిమ్మల్ని చూస్తే.”

ఆయనకి నన్ను చూస్తే! పెనం ఆయన చేతిలో పెట్టాను. ఒక ముక్క నోట్లో వేసుకుని, మాడ్చేశారన్నాడు. ఇప్పటికీ ఆయన నవ్వు నాకు పడదు, అది వేరే సంగతి.

తిరిగి రోడ్డు దాటుతుంటే తను మెల్లగా అంది. “మీ పుస్తకాలన్నీ చదివాను. పంతొమ్మిదేళ్లు. మంచు ఉంది, తుంపర ఉంది, కత్తుల సాన ఉంది. నేనెక్కడా లేను. అక్కడ నన్ను అడిగారు, రాసిపెట్టమని.”

కొట్లోకి వచ్చాక సుద్దముక్క ఇచ్చాను. అంతే చేతనైంది.

ఇవాళ్టి పుస్తకం ఎదురుగా తెరిచి ఉంది. పైన నీకు ‘మొద్దు కడగడం అయింది’ అని రాశాను కదా, కడిగింది నేను కాదు, తను. పుస్తకంలో అలాగే రాశాను, ఎవరు కడిగారో కూడా. ఇప్పుడు నా నల్లబల్ల తుడిచి, వరుస జారకుండా దారంతో గీత కొడుతోంది. ఒక కొస తను పట్టుకుంది. రెండో కొస పట్టుకోమని పిలుస్తోంది. కత్తులు ఇంకా సాన… అవి తర్వాత, వెళ్తున్నాను.