కొత్త కోడెలు, కొత్త అల్లుడు

జిద్దా, 2004

జైనాబీ, నేను బాగున్నాను, నడుము నొప్పి తగ్గింది, బెంగపడకు.

పోయిన వారం మా పశువుల ఫారానికి ఓడలో కొత్త కోడెలు వచ్చాయి. సముద్రం మీద చిక్కి సగమయ్యాయి. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూస్తే మన చేయి ఊరుకోదు కదా, తొట్ల నిండా సోయా చెక్క కుమ్మరించాను. తెలివైనవి మొహం తిప్పుకున్నాయి. మొహమాటానికి తిన్నవి తెల్లారేసరికి షెడ్డంతా పారాయి. కడిగింది నేనే.

సూడాన్ డాక్టరు తల పట్టుకున్నాడు. "శ్వయ్య శ్వయ్య, కొంచెం కొంచెంగా, కాసీం. ముందు నీళ్లు, ఎండుగడ్డి. అలసిన పశువు తినేది పిడికెడే. ఆ పిడికెట్లోనే ప్రోటీన్ ఉండాల, బస్తాలు పోస్తే కాదు" అన్నాడు.

బోరు మోటారు బాగుచేయించావా? మన అమ్మాయి హఫ్సాకు షరఫియా బజారులో చీర కొన్నాను.

పెళ్లయ్యాక శుక్రవారం పెట్టే జుమాగీ విందుకు అల్లుడు వచ్చే నెల వస్తాడని రాశావు. రాత్రంతా బస్సులో వచ్చే మనిషి. దిగగానే బిర్యానీ పెట్టి "ఇంకో ముక్క ఏసుకో నాయనా" అని వెంటపడకు. మజ్జిగ, రెండు గుడ్లు చాలు. కోడె అయితే మొహం తిప్పుకుంటుంది, కొత్త అల్లుడికి ఆ వీలుండదు. మీ అమ్మ పెట్టిన జుమాగీ రాత్రే మీ దొడ్డికి దారి నాకు కంఠతా వచ్చింది.

పిల్లలకు దువా. మీ అమ్మకు సలాం చెప్పు, ఈ కార్డు మాత్రం చదివి వినిపించకు.

కాసీం పీరా