ఆగమని చెప్పే బటన్

అనంతగిరి,
మే 2008

మేనేజరు గారికి,

మీ ఇంటర్నెట్ బజారులో కొండతేనె అమ్మే ధనరాజుకి నేను బావమరిదిని. మా బావ ఇక లేడు.

తేనెకి కొండ అంచు దిగేటప్పుడు పైన తాడు దగ్గర బావమరిదే ఉండాలన్నది మా ఆచారం. అక్క బతుకు ఆ తాడు మీదే ఉంటుంది కనుక వేరేవాళ్లని నమ్మరు. నేను మలేరియాతో ఆసుపత్రిలో ఉండగా ఆర్డరు వచ్చింది. మీ పేజీలో ‘పంపుతాను’, ‘రద్దు’ తప్ప ఇంకో బటన్ లేదు. రద్దు చేస్తే మీ జాబితాలో మా కొట్టు అట్టడుగుకి పోతుంది.

బావ నా మంచం దగ్గరికొచ్చి, “బేగి పంపకపోతే మనల్ని తీసేత్తారట్రా. నువ్వు పడుకో, తాడు చెట్టుకి కట్టుకుంటాను” అన్నాడు.

తాడు బండ అంచుకి ఒరుసుకుంది. పక్కకి జరపడానికి పైన ఎవరూ లేరు.

అమ్మేవాళ్లకి ‘ఇప్పుడు కాదు, ఆగండి’ అని చెప్పే బటన్ ఒకటి పెట్టండి. అది నొక్కినందుకు కొట్టుని కిందికి తొయ్యకండి.

మా పేజీకి ఇంకా ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. అందులో బావ తాడుకి వేలాడుతూ నవ్వే ఫొటో తీసేయమని అక్క రాయమంది. తీసేముందు ఒకసారి చూడండి. పైన అంచులో తాడు పట్టుకున్న చేతులు కనిపిస్తాయి. అవి నావి.