వెనుక వరుసలో కూర్చుని చూసిన సినిమా

పుణె

సలోమి అక్కా, ముందు నా వందనాలు అందుకో. ఉత్తరం పూర్తయ్యేసరికి నీకు నన్ను తిట్టాలనిపిస్తుంది, అప్పుడు వందనాలు గుర్తుండవు. ఈ చలికి బావ కాలు ఎలా ఉంది? అమ్మ షుగరు మాత్రలు వేళకు మింగుతోందా? బ్లెస్సీ పరీక్షలు బాగా రాసిందా? నేను బాగున్నాను. సన్నబడ్డానని వీడియో కాల్‌లో గోల చేశావు గానీ, అది గదిలో లైటు అలాంటిది అక్కా, అంతే.

బస్సుల ఫ్యాక్టరీలో పని కుదురుగానే ఉంది. కరెంటు బస్సులకు బ్రేకులు పరీక్షించే చోట ఆడమనిషిని నేనొక్కదాన్నే, తెలుగుదాన్నీ నేనొక్కదాన్నే. పొద్దున అటుకులు, మధ్యాహ్నం క్యాంటీన్‌లో రొట్టెలు. అన్నం పెడతారు గానీ పప్పులో కూడా తీపి వేస్తారు. ఆదివారం చర్చిలో మరాఠీ పాటలకు పెదాలు ఆడిస్తాను. గదికొచ్చి నాతో నేనే తెలుగులో గట్టిగా మాట్లాడుకుంటాను, పక్కగది అమ్మాయి ఫోన్ మాట్లాడుతున్నాననుకుంటుంది. ఇటు ఎవరైనా వస్తుంటే పండుమిరపకాయ పచ్చడి పంపు, కొంచెం చాలు. బాగున్నాననే మళ్లీ చెబుతున్నాను.

ఇది ఫోన్‌లో చెప్పకుండా రాయడానికి కారణముంది. నువ్వు స్పీకర్ పెడతావు, బావ వింటాడు, మీరిద్దరూ కలిసి నన్ను ఆపేస్తారు.

నేను ఇంతకుముందు పనిచేసిన కార్ల కంపెనీ ఎందుకు మునిగిందో డాక్యుమెంటరీ తీస్తున్నామని బెంగళూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసిందని చెప్పాను కదా. "వద్దే చెల్లె, ఇగ పోనియ్యి. గా నిశాంత్ సంగతి దేవుడు సూస్కుంటడు" అన్నావు. నేను సరే అన్నాను. సరే అని, ఆవిడతో మాట్లాడాను.

నీకు తెలిసిందే అయినా మళ్లీ రాస్తున్నాను. రాస్తుంటే నా కోపం చల్లారకుండా ఉంటుంది. హైదరాబాదులో ఆ కరెంటు కార్ల కంపెనీ పెట్టినవాడు నిశాంత్. నేను అక్కడ టెస్టింగ్ ఇంజనీరును. మేళ్లచెరువులో సిమెంటు లారీ నడిపే బావను టెస్ట్ డ్రైవరుగా తీసుకున్నారు. పెట్టుబడి పెట్టేవాళ్లకూ పేపర్లవాళ్లకూ కారు చూపించే రోజు పొద్దున, బ్రేకు ఇంకా సరికాలేదని నిశాంత్‌కు అందరి ముందూ చెప్పాను. అయినా బండి తీయించాడు. అది పోయి గోడకు కొట్టుకుంది, బావ మోకాలు నుజ్జయింది. సాయంత్రానికల్లా డ్రైవరు తాగి ఉన్నాడని అందరికీ చెప్పాడు. కాదని నేను ఎంతమంది పేపర్లవాళ్లకు చెప్పినా ఎవరూ వేయలేదు. నా ఉద్యోగం పోయింది. ఏడాది తిరక్కుండా కంపెనీ మూతపడితే దానికీ బావే కారణమన్నాడు. మందు ముట్టని మనిషి కోదాడలో అందరి నోటా తాగుబోతయ్యాడు. పాస్టర్‌గారు "కొన్నొద్దులు డోలక్ పక్కకు పెట్టు యోహానూ" అంటే, ప్రతి ఆదివారం చర్చిలో పాటలకు డోలక్ వాయించే బావ పోయి చివరి బెంచీలో కూర్చున్నాడు. నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు.

ఆ రోజు పొద్దున కంపెనీ ప్రచారం కోసం వీడియో తీసిన కుర్రాడు సైదులు ఇప్పుడు మిర్యాలగూడలో పెళ్లిళ్లకు కెమెరా పట్టుకుంటున్నాడని తెలిసింది. సెలవు పెట్టి వచ్చాను. అవునక్కా, మీకు చెప్పకుండానే వచ్చాను. సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు పక్కనే ఆగి ఉంది. ఎక్కితే నీ మొహం చూడగానే అంతా చెప్పేస్తానని, మిర్యాలగూడ బస్సెక్కాను.

సైదులు ఫంక్షన్ హాల్లో భోజనం చేస్తున్నాడు. సంగతి వినగానే "నాకెందుకు మేడమ్ గా లొల్లి?" అన్నాడు. మళ్లీ తనే, "యోహానన్న మంచిగున్నడా?" అని అడిగాడు.

"కర్ర పట్టుకొని నడుస్తున్నడు. తాగుబోతని పేరొచ్చింది" అన్నాను.

విస్తరి మడిచి లేచాడు. "గా వీడియో నా దగ్గర్నే ఉంది మేడమ్. అప్పుడు భయపడ్డ. ఇప్పుడు గాయ్నతోని నాకేం పని? తీస్కపోండ్రి."

వీడియో బెంగళూరు ఆవిడకు పంపి ఒక్క మాట అడిగాను. "ముందు నిశాంత్‌ను తీయండి మేడమ్. ప్రమాదం గురించి అడిగి, మనసారా మాట్లాడనివ్వండి. ఇది ఆయనకు చూపించకండి." ఆవిడ ఒప్పుకుంది.

పోయినవారం హైదరాబాదులో పిలిచినవాళ్లకు మాత్రం సినిమా వేశారు. తన కష్టం గురించి తీశారనుకుని నిశాంత్ వాళ్లమ్మను కూడా తీసుకొచ్చాడు. నేను ఏరికోరి సరిగ్గా అతని వెనుక కూర్చున్నాను. తెరమీద నిశాంత్ కళ్లు తుడుచుకుంటూ, "ఆ డ్రైవర్ దగ్గర మందు వాసన వచ్చింది. అయినా మనిషిని నమ్మాను" అన్నాడు. హాల్లో ఎవరో పాపం అన్నారు. వెంటనే సైదులు వీడియో వచ్చింది.

బావ కారు పక్కన నిలబడి, "సార్, ఇయ్యాల వద్దు సార్, బ్రేకు మంచిగ పడ్తలేదు" అంటున్నాడు. నిశాంత్ నవ్వుతూ బావ భుజం తట్టాడు. "మన డ్రైవర్లలో మందు ముట్టనివాడివి నువ్వొక్కడివే యోహాన్. అందుకే నిన్ను కూర్చోబెడుతున్నా. ఒక్క రౌండు, అంతే."

నిశాంత్ మెడ వెనుక చెమట పట్టడం చూశాను. కొడుకు చేతిమీద ఉన్న చెయ్యిని వాళ్లమ్మ మెల్లగా తీసేసుకుంది. ఆవిణ్ని చూసైనా నాకు జాలి వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. తృప్తిగా ఉంది. దేవుడి ముందైనా ఇదే చెబుతాను.

సినిమా అయ్యాక బయట నిశాంత్ నా దగ్గరకొచ్చాడు. "ఎస్తేర్, కొత్త కంపెనీ పెడుతున్నాను. ఇది బయటికొస్తే నన్నెవరూ నమ్మరు. వీడియో నువ్వే ఇచ్చుంటావు, ఆ ముక్క తీయించు. మీ బావకు ఫోన్ చేసి సారీ చెబుతా."

"ఫోన్‌లో కాదు. కోదాడ వచ్చి, ఆదివారం, మా చర్చిలో, మైకులో చెప్పండి."

మైకులోనే చెప్పాలా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత వస్తానన్నాడు.

ఈ వచ్చే ఆదివారమే. బావను ముందు బెంచీలో కూర్చోబెట్టు. వచ్చినవాడికి కుర్చీ వెయ్యి, మంచినీళ్లివ్వు, మనం మర్యాద తప్పొద్దు. చెప్పాల్సింది చెప్పి వెళ్లిపోతాడు. ఆ తర్వాతి వారం సినిమా అందరి ఫోన్లలోకీ వస్తుంది. ఆ ముక్క అందులో ఉంటుంది. తీయించడం నా చేతిలో లేదు, ఉన్నా తీయించను. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

బావకు కూడా ఇప్పుడే చెప్పకు, జాలిపడి అతనికి చెప్పేస్తాడు. క్షమించాలనిపిస్తే బావ క్షమించనీ, అది ఆయన మనసు. నన్ను మాత్రం ఎవరూ అడగొద్దు.

అమ్మకూ, చిలుకూరులో పెద్దవాళ్లందరికీ నా వందనాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. పాస్టర్‌గారికి ప్రత్యేకంగా వందనాలు చెప్పి, ఆదివారం మైకు సరిగ్గా పనిచేసేలా చూడమను. నా కోసం ప్రార్థన చెయ్యి అక్కా, నా మనసు మెత్తబడాలని మాత్రం అడగకు.

నీ దీవెన కోరే చెల్లెలు,
ఎస్తేరు