డబ్బాలో చివరి ముక్క

తాతయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ దేశంలో మన పేట, మనురేవా గ్రౌండులో పొద్దున్నించీ వాన. అయినా పిల్లల హాకీ మ్యాచ్ ఆగలేదు. నువ్వుంటే ఆగనిచ్చేవాడివా?

నీ చేతికింద ఆట నేర్చుకున్న సమోవా అమ్మాయి మెలే ఇప్పుడు కోచ్. హాఫ్‌టైమ్‌లో ఆరెంజ్ ముక్కల డబ్బా తెరిచి, నీలాగే ముందు అవతలి టీముకు పంచింది, తర్వాత మనవాళ్లకు.

"మా పటాలంలో పెద్దవాడు ఆఖర్న తినేవాడ్రా" అని నువ్వు తెలుగులోనే చెప్పేవాడివి. నీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా పిల్లలందరికీ అర్థమైంది, అందరూ తిన్నాక మిగిలిందే నువ్వు తినడం ప్రతి శనివారం చూశారు కాబట్టి. కొన్నిసార్లు ఏమీ మిగిలేది కాదు. చేతికంటిన తొక్కల వాసన చూసుకుని నవ్వేవాడివి.

ఇవాళ ఒక ముక్క మిగిలింది. మెలే ముట్టుకోలేదు. నేను చెయ్యి చాపగానే, ఈ సీజనులోనే చేరిన ఓ చిన్నపిల్ల టక్కున డబ్బా మూసేసింది.

"నో, ఆంటీ! దట్స్ తాతాస్!"

నిన్నెప్పుడూ చూడని పిల్ల. తాతంటే ఎవరో తెలుసా అని అడిగాను.

"యా," అంది. "హీ ఈట్స్ లాస్ట్."