ఆ పిల్ల మళ్లీ ఫోన్ చేయదు

అన్నయ్యా,

క్షేమ సమాచారాలు తర్వాత. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకోమని నెల రోజులుగా ఒకమ్మాయి ఫోన్లు చేసి నా ప్రాణం తోడేసింది. కుట్టుమిషన్ మీద కాలు పెడితే చాలు, మోగేది. "వద్దు తల్లీ" అని దణ్ణం పెట్టినా "ఒక్క నిమిషం మేడమ్" అంటూ జలగలా పట్టుకునేది. పీడ వదిలించుకుందామని నిన్న మనింటి డోర్ నంబరు చెప్పేసి, "సరే, ఇప్పించు" అన్నాను.

సాయంత్రం తనే చేసింది. "సారీ మేడమ్, మీ ఇల్లు ఇప్పటికే తాకట్టులో ఉంది. మీ అన్నగారితో పాటు మీరూ సంతకం పెట్టారు కదా!"

కరెంటు మీటరు పేరు మార్పుకని నువ్వు పెట్టించుకున్న సంతకమేనా అది?

పొద్దుట్నుంచి నీకు పదిహేడుసార్లు ఫోన్ చేశాను. ఆ పిల్లకంటే నేను మొండిదాన్ని. ఎత్తు.

నీ చెల్లెలు