వన్స్‌మోర్‌కి లొంగని భూషణం గారు

బచేలి,
2-8-1981

మావయ్య చక్రధరరావు గారికి మేనల్లుడు పైడిరాజు నమస్కారాలు. ఇక్కడ మనుషులందరం క్షేమం. హార్మోనియం ఒక్కటే దిక్కులేకుండా పడి ఉంది. అక్కడ మీరు, గురమ్మత్తయ్య, మీ మోకాలు క్షేమమని తలుస్తాను.

మా గని కాలనీలో విశ్వకర్మ పూజకి మన తెలుగు సంఘం పౌరాణికం వెయ్యడం ఆనవాయితీ కదా. పోయినేడు రాజు వేషం కట్టిన తాతబాబు సింహాసనంతో సహా స్టేజి మీంచి కింద పడటంతో నాటకం రెండో అంకంలోనే ముగిసింది. ఈ ఏడూ అలాగే అయితే మన సాయంత్రాన్ని తీసేసి సినిమా పాటల ఆర్కెస్ట్రాకి ఇచ్చేస్తామని కమిటీవాళ్లు ఖరాఖండిగా చెప్పేశారు. సెప్టెంబరు పదిహేడు ఎంతో దూరం లేదు. మన హార్మోనిస్టు రామ్మూర్తికేమో బదిలీ అయిపోయింది. నలభై ఏళ్లు పద్యాలకి హార్మోనియం వాయించిన చెయ్యి మీది. మీరు రావాలి మావయ్యా. ఈ ఊళ్లో మనవాళ్లంతా ఒకచోట కూచుని మన మాట వినేది ఏడాదికి ఆ ఒక్క సాయంత్రమే.

ఇట్లు,
మీ మేనల్లుడు
పైడిరాజు

తా.క. కిరండూల్‌లో భూషణం గారని రైల్వే గార్డొకరున్నారు. మనవైపు వారే, భీమిలి. ఇనపరాయి బండి డ్యూటీ దిగాక సాక్సఫోన్ వాయిస్తారు. దాన్ని జాజ్ అంటారట. వాల్తేరులో ఇంజను డ్రైవరొకాయన దగ్గర నేర్చుకున్నారట. పోయిన ఆదివారం మేం నలుగురం వెళ్లి విన్నాం. బాగుందనిపించి మన అలవాటు ప్రకారం "వన్స్‌మోర్" అన్నాం. మళ్లీ వాయించారు, కానీ వేరేగా! పాపం మర్చిపోయారు కాబోలు, గుర్తొస్తుందేమోనని మళ్లీ వన్స్‌మోర్ కొట్టాం. ఇంకోలా వాయించారు. అలా ఏడుసార్లు. మాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోతూ, "ఇంత రసికుల్ని నా సర్వీసులో ఎక్కడా చూళ్లేదు బాబూ" అన్నారు.


శృంగవరపుకోట,
9-8-1981

చిరంజీవి పైడిరాజుని మావయ్య ఆశీర్వదించి రాయునది. నేను కులాసా. మోకాలు కులాసాగా లేదు. నాలుగు మెట్లు దిగితే నలుగురు పట్టుకోవాల్సి వస్తోంది. రాలేను.

ఇక ఆ గార్డు సంగతి. అడిగిన దాన్ని ఏడుసార్లలో ఒక్కసారీ సరిగ్గా వాయించలేకపోయాడంటే అది సంగీతం కాదు నాయనా, మతిమరుపు. పద్యానికి వన్స్‌మోర్ పడిందంటే అది జనం వేసిన వేలిముద్ర. రెండోసారి వెంట్రుకవాసి తేడా రాకూడదు. వచ్చిందా, టిక్కెట్టు కొన్నవాడు చెప్పు తీస్తాడు. ఆ పెద్దమనిషిని నాటకం ఛాయలకి రానివ్వకు. కానీ మనవైపు వాడంటున్నావు కాబట్టి, వదిలెయ్యడానికి మనసొప్పలేదు. కిరండూల్ పాసింజరులో వచ్చే తెలిసినాయన చేత జ్ఞాపకశక్తికని సరస్వతీ లేహ్యం సీసా పంపుతున్నాను. పరగడుపున ఉసిరికాయంత తినమను.

ఇట్లు,
మీ మావయ్య
చక్రధరరావు

తా.క. లేహ్యం మీ అత్తయ్య చేసింది. ఎవరి కోసం చేసిందని అడక్కు. నిజానికి రెండుసార్లు చేసింది. మొదటి సీసా ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది.


బచేలి,
19-8-1981

మావయ్య గారికి పైడిరాజు నమస్కారాలు. లేహ్యం అందింది. భూషణం గారు దాన్ని చపాతీలో నంజుకుని మూడు రోజుల్లో ఖాళీ చేసి, అత్తయ్యకి నమస్కారాలు చెప్పమన్నారు. గుణం మాత్రం తిరగబడింది. ఇదివరకు పావుగంట వాయించేవారు, ఇప్పుడు ముప్పావుగంట.

ఇక ఉండబట్టలేక అడిగేశాను. "రెండోసారి అదే ఎందుకు వాయించరండీ?" అని.

ఆయన నవ్వి, "డ్యూటీలో పట్టాలు తప్పితే ఉజ్జోగం పోద్ది బాబూ. ఇంటికొచ్చినాకైనా తప్పనీవా ఏటి?" అన్నారు.

తర్వాత కూచోబెట్టి చెప్పారు. పద్యం చివర మన నటుడు రాగం తీస్తాడు చూడండి, జనం అసలు దానికోసమే కాచుకుని కూచుంటారు చూడండి, జాజంతా అదేనట మావయ్యా! పాట చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేస్తారు, తర్వాత వదిలేస్తారు. ఇంట్లోంచి బయల్దేరి ఊరంతా తిరిగి, సరిగ్గా అన్నం వడ్డించే వేళకి గుమ్మంలో ఉంటారు. మొదట్లో నాకు కళ్లు తిరిగాయి. కల్యాణి రాగంలా వచ్చిందని పట్టుకోబోతే అందులోంచి చెప్పకుండా వెళ్లిపోయారు. ఇప్పుడు ఎప్పుడు వెళ్లిపోతారా అని చూస్తున్నాను. గనిలో రాయి జల్లించే మిషను దగ్గర నిలబడి నేనూ ఏదో కూస్తున్నాను. ఫోర్‌మన్ వచ్చి బేరింగు పోయిందేమోనని మిషను ఆపించాడు.

ఆయన మా రిహార్సలుకి వచ్చి వాయిస్తుంటే సంత దగ్గర కూరలమ్మే సోమ్లీ కూడా చూసింది. ఆయనకి మతిమరుపని మావాళ్లెవరో చెబితే ఆశ్చర్యపోయి, "మా ఊళ్లో డోలు కొట్టేవాడు రెండు పండగలు ఒక్కలాగే కొట్టాడంటే వాడికే ఒంట్లో బాగాలేదనుకుంటాం" అని హిందీలో అంది.

కాబట్టి మావయ్యా, హార్మోనిస్టు దొరకలేదు, మీరు రానన్నారు. మా నాటకానికి భూషణం గారే ఖాయం. ఆయన లేకపోతే నాటకమే లేదు. మీరు ఆశీర్వదించాలి.

ఇట్లు,
పైడిరాజు

తా.క. నిన్నటి రిహార్సల్లో తాతబాబు కత్తి దూసి పద్యం ముగించాడు. భూషణం గారు రాగం ముగించేలోపు కత్తి ఒరలో పెట్టి, చెమట తుడుచుకుని, టీ తాగి వచ్చి మళ్లీ దూశాడు.


శృంగవరపుకోట,
26-8-1981

చి. పైడిరాజుకి. ఆశీర్వాదం ఈసారికి సగమే.

నీకూ అంటుకుంది. నలభై ఏళ్లుగా నేను పట్టుకు వేళ్లాడిన పద్ధతిని నువ్వొక్క ఆదివారంలో గాలికి వదిలేశావు. పద్యం అంటే కొలిచి కట్టిన గోడ. దానికి ఎవడిష్టం వచ్చిన చోట వాడు కిటికీ పెడతాడా?

అది అలా ఉంచు. నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. ఆయన గార్డన్నావు కదా! రెండోసారి ఏం చేస్తాడో తనకే తెలియని మనిషి చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా పెట్టి అనంతగిరి సొరంగాల్లోకి పంపుతారా? ఆయన మేలు కోరి రైల్వే పెద్దలకి కార్డు రాశాను. జ్ఞాపకశక్తి పరీక్ష చేయించి, విశ్రాంతి ఇప్పించమని.

ఇట్లు,
మావయ్య

తా.క. కార్డు మీద పేరు రాయలేదు, "ఒక శ్రేయోభిలాషి" అని రాశాను. అలవాటు కొద్దీ అడ్రసు మాత్రం పూర్తిగా రాసేశాను.


బచేలి,
7-9-1981

మావయ్య గారికి.

ఎంత పని చేశారు మావయ్యా! పద్నాలుగో తారీకున వాల్తేరు రైల్వే డాక్టరు ముందు హాజరు కమ్మని భూషణం గారికి కాగితం వచ్చింది. అక్కడ డాక్టరు అట్టే పెట్టుకున్నాడంటే పదిహేడున స్టేజి మీద తాతబాబు, ఖాళీ కుర్చీ, వెనకాల మేం. ఆర్కెస్ట్రావాళ్లు అప్పుడే స్టేజి కొలతలు తీసుకుపోయారు.

భూషణం గారికి కోపం రాలేదు. ఆయన భార్య ప్రమీలారాణి గారికి ఇద్దరి వాటా వచ్చింది. "ఇరవయ్యేళ్ల సర్వీసులో ఒక్క రిమార్కు లేదు నాయనా ఈయనకి. ఎవరా మహానుభావుడు?" అని నన్నే అడిగారు. మా మావయ్యే అని చెప్పలేక, ఆవిడ పోసిచ్చిన టీ మింగలేక కూచున్నాను. ఆఖరికి చెప్పేశాను. భూషణం గారు మాత్రం, "వినకుండానే ఇంతిదిగా పట్టించుకున్నాడంటే, వింటే ఏటైపోతాడో మీ మావయ్య" అన్నారు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఏదో ఒకటి చెయ్యండి.

ఇట్లు,
పైడిరాజు

తా.క. దయచేసి లేహ్యం మాత్రం పంపకండి.


కిరండూల్,
19-9-1981

చి. పైడిరాజుని మావయ్య నిండుగా ఆశీర్వదించి రాయునది.

పైన ఊరి పేరు చూసి కంగారు పడకు. సరిగ్గానే రాశాను. భూషణం గారి క్వార్టర్సు నుంచే రాస్తున్నాను. వచ్చి మూడు రోజులైంది. నీకు చెప్పొద్దని ఆయన చేత ఒట్టు పెట్టించాను.

నీ ఉత్తరం చదివాక నిలవలేకపోయాను. మోకాలు రానని మొండికేసింది, సిగ్గు వెనకనుంచి తోసుకొచ్చింది. పద్నాలుగున వాల్తేరు వెళ్లి, ఆ కార్డు రాసిన వెధవని నేనేనని డాక్టరుకి చెప్పేశాను. ఆయన సరే చూద్దామని భూషణం గారిని లైను మీది స్టేషన్లన్నీ చెప్పమన్నాడు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా చెప్పి, కిరండూల్ నుంచి కొత్తవలస దాకా చెప్పాడు మహానుభావుడు. తర్వాత డాక్టరు సరదాకి నన్నూ అడిగాడు. ఐదో స్టేషను దగ్గర ఆగిపోయాను. ఆయనకి ఫిట్ సర్టిఫికెట్టు రాసి, నాకు మందు రాశాడు.

ఇద్దరం ఒకే పాసింజరులో వచ్చాం. నాటకం నువ్వూ చూశావు కనక ఆ వైభవం రాయను. మన సాయంత్రం మనకే ఉంచుతున్నామని కమిటీ ప్రెసిడెంటు మైకులో చెప్పినప్పుడు నువ్వు ఎగిరిన ఎగురూ చూశాను. చివరి వరసలో మఫ్లరు కట్టుకుని కూచున్న ముసలాణ్ణి నువ్వే చూళ్లేదు. తాతబాబు పద్యానికి మొదటి వన్స్‌మోర్ కొట్టింది నేనే. పరీక్షకే కొట్టాను. తాతబాబు వెంట్రుకవాసి తేడా లేకుండా పాడాడు. భూషణం గారు దాని మీద నుంచి ఎక్కడికో వెళ్లిపోయాడు. జనం లేచి నిలబడ్డారు. నేను లేవలేకపోయాను, మోకాలి వల్ల కాదు.

నీకెప్పుడూ చెప్పని ముక్కొకటుంది. నా ఇరవై ఎనిమిదో ఏట, సాలూరులో ఒక ఆటలో వన్స్‌మోర్ పడింది. రెండోసారి నా వేళ్లు వాటంతట అవే వేరే దారి పట్టాయి. ఆ సంతోషం ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేను. తెర దించాక నాటకం కాంట్రాక్టరు వచ్చి, "మర్చిపోయావేటయ్యా?" అన్నాడు. నేనూ మర్చిపోయాననే నమ్మాను. ఆనాటి నుంచి తప్పు జరక్కుండా కాపలా కాసుకుంటూ వాయించాను. మొన్న ఆ చివరి వరసలో కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను పైడిరాజూ. నాకు వచ్చింది మరుపు కాదురా, పాట.

వచ్చే ఆదివారం మీ సంఘం హార్మోనియం తీసుకుని ఇక్కడికి రా. ఆయనా నేనూ కలిసి వాయిస్తాం. ఏం వాయిస్తారని మాత్రం అడక్కు, మాకూ తెలీదు.

ఇట్లు,
మీ మావయ్య
చక్రధరరావు

తా.క. మోకాలికి జగదల్‌పూర్‌లో పసరు వైద్యం చేయించుకుంటున్నానని మీ అత్తయ్యకి రాశాను. నిన్నూ అడుగుతుంది. నువ్వూ అదే రాయి. ఆవిడ ఎన్ని వన్స్‌మోర్‌లు కొట్టినా సరే, అక్షరం మార్చకు.