చెరువుకు రెండు కొమ్ములు

బాబూ నెహెమ్యా, నీ తల్లి హన్నమ్మ, డెబ్బయ్యేళ్లది, ఏలూరులో నీ కూతురు ప్రసన్న దగ్గరుండి రాయిస్తున్నది. ఇద్దరం క్షేమం. దెయ్యాల సినిమాకు పేరు గీస్తోందని పిల్లని ఇంటికి తెమ్మన్నావు. తేను.

సినిమా పేరు ‘చెరువు’. నెత్తురు కారే అక్షరాలు గీస్తే సినిమావాళ్లు వద్దన్నారట. “ఈ రెండు కొమ్ములతో చస్తున్నాను మామ్మా” అంది. అక్షరాల కొమ్ములని నాకేం తెలుసు? గేదె అనుకుని, “మునిగితే కొమ్ములే పైకి కనపడతాయే” అన్నాను. నవ్వి నవ్వి, అలాగే గీసింది. నల్లటి నీళ్లలో అక్షరాలు మసకగా, పైన కొమ్ములు రెండూ నిటారుగా. నాకే ఒళ్లు జలదరించింది. వాళ్లూ ఒప్పుకున్నారు.

పిల్ల ఏ ఆదివారమూ చర్చి మానలేదని పాస్టరుగారికి నువ్వే చెప్పు. గట్టు తెగినచోట మట్టి వేయించావా? ఎండుచేపలు పంపు. కోడలికి నా దీవెనలు. పోస్టర్లు పడ్డాక నువ్వొచ్చి ఆ పేరు నాకు చదివిపెట్టు.

హన్నమ్మ వేలిముద్ర.
సాక్షులు: ఇది రాసిన ఇంటిగలావిడ రత్నమాణిక్యం, ప్రసన్న.